గిద్దెకు ఎన్ని గుక్కలు

మొన్న బోయిగూడలో మా గల్లీ మంచినీళ్ల పైపు పగిలినప్పుడు నేను మెడలోతు నీళ్లలో రెండు మైళ్లు నడిచి పాల ప్యాకెట్ తెచ్చాను.

సరే. మెడ కాదు, మోకాలు. మోకాలు కూడా కాదు, చీలమండ. మైళ్ల మాట కూడా వదిలేయండి. మా గేటు నుంచి పాల దుకాణం దాకా ఎంత లేదన్నా ఓ వంద మీటర్లు. చెప్పులు మాత్రం నిజంగానే తడిశాయి.

ఇలా నా మాటను నేనే దించుకోవడం ఈ మధ్య వచ్చిన అలవాటు. ఇంతకుముందు ఆ పని మా ఆవిడది.

నేను గొప్పలు చెప్పే మనిషిని. బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యాను, ఆ బడి గురించి కూడా గొప్పలే చెప్పాను. ఇంటికొచ్చిన చుట్టాల ముందు నేను షురూ చేయగానే వంటింట్లోంచి ఆమె గొంతు వచ్చేది.

"పదితోని భాగించుకోండ్రి!"

చుట్టాలు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. అప్పుడప్పుడు ముచ్చటలో నిజం పాలు ఎక్కువుంటే "దీన్ని సగం జేస్తె సాలు" అనేది. ఆ తేడా ఆమెకెలా తెలిసేదో నాకు ఈనాటికీ అంతుపట్టదు. నేను ఎంత పోస్తే సరిగ్గా అంతే తీసేసేది.

భాగించడమనే మాట ఆమె మా ముందర గదిలోనే పట్టుకుంది. రిటైరయ్యాక కూడా నేను ఊరుకోలేదు. ఆరూ ఏడూ తరగతుల పిల్లలు సాయంత్రాలు వచ్చి చాప మీద కూర్చునేవాళ్లు. ఏటా మొదటి పాఠం కొలతలే. మీటర్లను సెంటీమీటర్లు చేయడం, లీటర్లను మిల్లీలీటర్లు చేయడం. పిల్లలకు ఎప్పుడూ ఒక్కచోటే గడబిడ, గుణించాలా భాగించాలా అని. రెండున్నర మీటర్ల గుడ్డను వందతో భాగించి, ఆ వచ్చిన పోగుముక్కతో అక్కకు లంగా కుట్టించేస్తారు. కుట్టుమిషన్ అమ్మ చూస్తే మూర్ఛపోతుంది.

"వస్తువు మారదురా," అని చెప్పేవాణ్ణి. "చిన్న గిన్నెతో కొలిస్తే ఎక్కువసార్లు పోయాలి, అంకె పెరుగుతుంది. పెద్ద గిన్నెతో కొలిస్తే అంకె తగ్గుతుంది. నీళ్లు మాత్రం అవే నీళ్లు."

ఆమె దివాను మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వినేది. వింటున్నట్టు కనిపించేది కాదు.

తర్వాత ఆమె కిడ్నీలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ మిషన్ పక్కన పడుకోవాల్సి వచ్చింది. ఆ మొదటిరోజే డాక్టరమ్మ చెప్పింది, రోజుకు ముప్పావు లీటరు మించొద్దని. నీళ్లు, చాయ్, చారు, మజ్జిగ అన్నీ కలిపి అంతే. కిడ్నీలు బయటికి పంపని నీళ్లు ఒంట్లోనే ఉండిపోయి గుండె మీద పడతాయట.

అది ఎండాకాలం. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆమె పక్కకు తిరిగి కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రోడ్డు పక్క చెరుకురసం బండ్లు చూస్తోంది. నాకు తట్టింది చెప్పాను.

"ముప్పావు అనుకుంటే తక్కువనిపిస్తది గానీ, ఏడు వందల యాభై!"

"ఏందవి?"

"మిల్లీలీటర్లు."

ఆమె నావైపు తిరిగింది. "నీ గొప్పల బుద్ధి నా దూప కాడ సుత పోనియ్యవా సారూ?" అని నవ్వింది. దూప అంటే మా వైపు దాహం. ఆ నవ్వు చూసి ఆటో అతను కూడా అద్దంలోంచి నవ్వాడు. నా జన్మలో ఆమె భాగించలేకపోయిన గొప్ప అదొక్కటే. కొలత మారిస్తే చాలు, అబద్ధం ఆడకుండానే అంకె పెంచొచ్చు.

కానీ మిల్లీలీటర్లు ఆమె నోటికి తెలియవు. మర్నాడు అటక మీది డబ్బాలోంచి వాళ్లమ్మ ఇచ్చిన ఇత్తడి గిద్దె తీయించింది. గిద్దె అంటే మా ఇళ్లలో కొలతపాత్రలన్నిటిలోకీ చిన్నది. గుప్పిట్లో దాగిపోతుంది. ఆమె దాంతో పప్పులు కొలిచేది.

"నాకు దీంట్ల చెప్పు. నీ మిల్లీలు నాకొద్దు."

ఆ సాయంత్రం చాప మీది పిల్లలకు అదే లెక్క ఇచ్చాను. రెండు జడల పిల్ల ఒకతి ఉంది, పాఠంలో చురుకు, నోటితో ఇంకా చురుకు. దగ్గుమందు మూతకు గీతలుంటాయి కదా, ఆ మూతతో గిద్దెలో నీళ్లు పోసి చూసింది. అరవై మిల్లీలీటర్లు పట్టాయి. ఏడు వందల యాభైని అరవైతో భాగించి, చప్పట్లు కొట్టి మరీ చెప్పింది.

"పన్నెండున్నర గిద్దెలు అమ్మమ్మా!"

"ఆ అర ఎట్ల తాగాలె బిడ్డా?"

"అర మాత్రలకు."

అందరూ నవ్వారు. అదే మా ఇంటి పద్ధతైంది. గాజుసీసాకు పన్నెండున్నర గిద్దెల దగ్గర గీత గీసుకున్నాను. పొద్దున్నే ఆ గీత దాకా నీళ్లు నింపి ఆమె మంచం పక్కన పెట్టేవాణ్ణి. తాగేది అందులోంచే, గిద్దెతో వంపుకుని. చాయ్ తాగితే అన్ని గిద్దెల నీళ్లు సీసాలోంచి తీసి తులసికి పోసేవాణ్ణి. సీసా ఖాళీ అయితే ఆ రోజు అయిపోయినట్టే. కొన్నిరోజులు మధ్యాహ్నానికే అయిపోయేది. ఎండ దిగేదాకా ఆమె పెదవులు తడుపుకుంటూ గోడవైపు తిరిగి పడుకునేది.

ఒకరోజు పిల్లల ముందే అడిగింది. "సారూ, గిద్దెకు ఎన్ని గుక్కలు?"

"గుక్క కొలత కాదే. ఒక్కొక్కరి నోరు ఒక్కో తీరు. అందుకే కదా లీటరు పెట్టుకున్నది."

రెండు జడల పిల్ల వెంటనే అందుకుంది. "తాగేది అమ్మమ్మ నోరొక్కటే కద సార్?"

సైన్సు టీచరు నోరు మూసుకోవాల్సిన చోటు అది. గిద్దె నింపి ఇచ్చాం. పిల్లలు గొంతు కదలికను చూస్తూ బిగ్గరగా లెక్కపెట్టారు. ఒకటీ, రెండూ, మూడూ. ఖాళీ. అంటే గుక్కకు ఇరవై మిల్లీలీటర్లు. ఆమె ఖాళీ గిద్దె లోపలికి చూసి, "మూడేనా?" అంది.

వారం తిరిగేసరికి ఆమె గుక్క చిన్నదైంది. మూడు గుక్కల గిద్దె నాలుగైంది, తర్వాత ఐదైంది. పక్షి తాగినట్టు తాగేది. ప్రతి గుక్కనూ కాసేపు నోట్లోనే ఉంచుకుని, కళ్లు మూసుకుని, అప్పుడు మింగేది. నీళ్లు అవే నీళ్లు, అంకె మాత్రం పెంచుకుంది. నా విద్య నా దగ్గరే కాజేసింది. ఆ సంగతి ఆమెతో అంటే, "మరేం జెయ్యాలె, నిన్ను జేసుకున్నందుకు అదన్న దక్కనియ్యి," అంది.

డయాలసిస్‌కు పోయిన ప్రతిసారీ ముందు తూకం వేస్తారు. లీటరు నీళ్లు కిలో తూగుతాయి. కాబట్టి రెండు కిలోలు పెరిగితే ఒంట్లో రెండు లీటర్లు చేరినట్టు. ఇదీ నేను పిల్లలకు చెప్పే పాఠమే. అక్కడ మిషన్ చూసే అమ్మాయి ముస్లింల పిల్ల, మా ఆవిడను సొంత తల్లిని అదిలించినట్టు అదిలించేది.

"అమ్మా, మూడున్నర కిలోలు ఎక్కువొచ్చినవ్. సచ్ చెప్పు, ఎంత తాగినవ్?"

"గీత దాటలే బిడ్డా. ఒట్టు. మా సారునడుగు."

సీసా నేనే నింపాను, గీత దాటని మాట నిజమే. తూకం మిషన్ చెడిపోయిందని ఆ పిల్లతో వాదించాను. ఆ అమ్మాయి ఓపిగ్గా నన్నే దాని మీద నిలబెట్టి, నా బరువు సరిగ్గా చూపించి మరీ దించింది.

ఇంటికొచ్చాక మంచం కింద చెత్తబుట్టలో తర్బూజ చెక్కలు కనిపించాయి. నేను చాయ్‌కని గల్లీ చివరికి పోయే వేళ చూసి, కిటికీలోంచి బండివాణ్ణి పిలిచి కోయించుకుని తింటోందన్నమాట. నాకు తిక్క రేగింది.

"గిదేందే?"

"తిన్న. తాగలే కద?"

"పుచ్చకాయంటే నీళ్లే కదనే!"

"నీళ్లయితే పండ్ల బండి మీద ఎందుకు అమ్ముతరు? తినేదానికి నీ సీసాల గీత యాడుంది?"

ఆమె నిజంగానే అలా నమ్మిందో, నమ్మినట్టు నాతో వాదించిందో చెప్పలేను. నేను మాత్రం గట్టిగా కసిరాను. ఒక్కో ముక్కలో ఎన్ని మిల్లీలీటర్లుంటాయో వేళ్ల మీద లెక్క చెప్పాను. ఆమె అంతా విని మంచం అంచు పట్టుకుని కూర్చుంది. అప్పటికే పిల్లలు వచ్చి చాప పరుచుకుంటున్నారు.

"సారూ, ఒక డౌటు," అంది, పిల్లలు అడిగినట్టే చెయ్యెత్తి. "దూపను దేంతోని కొలుస్తరు?"

పిల్లలు నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయారు. ఆ రోజు వాళ్లను వేరే పాఠం చదువుకోమన్నాను.

వానలు మొదలయ్యేనాటికి ఆమె గుండె బలహీనమైంది. మిషన్ మీద పెట్టగానే బీపీ పడిపోతోంది. డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి నెమ్మదిగా చెప్పింది.

"ఇంక మిషన్ తట్టుకోలేరు. ఇంటికి తీసుకెళ్లండి. నీళ్లకు లెక్క పెట్టకండి. అడిగినంత ఇవ్వండి."

నీళ్లకు లెక్క వద్దు అనే మాట ఎవరి నోటైనా వినాలని నేను ఎంత మొక్కుకున్నానో దేవుడికి తెలుసు. అది ఇలా వినబడుతుందని మాత్రం అనుకోలేదు.

మధ్యాహ్నం ఇంటికి చేరాం. కుండలో నీళ్లు చల్లగా ఉన్నాయి. మంచం పక్కన కూర్చుని చెప్పాను.

"ఇగ ఎంతన్న తాగొచ్చంట. ఎన్ని గిద్దెలంటే అన్ని."

"పదితోని భాగించాల్నా?"

"వద్దు. డాక్టరమ్మనే చెప్పింది. ఒట్టు."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. నా మాటల్లో ఎంత నిజముందో చూడటం ఆమెకు జీవితమంతా అలవాటు. ఈసారి తీసేయడానికి ఏమీ దొరకలేదు. దొరకకపోయేసరికి ఆమెకు సంగతి అర్థమైంది.

"గట్లనా," అంది. "అయితె చెంబుల ఇయ్యి. గిద్దె వద్దు."

కుండలోంచి చెంబు నిండా ముంచి తెచ్చాను. ఆమె లేచి కూర్చుని, రెండు చేతులా చెంబెత్తి, పెళ్లయిన కొత్తలో బోరింగ్ దగ్గర తాగినట్టు గటగటా తాగింది. మెడ మీద నుంచి నీళ్లు కారి జాకెట్టు తడిసింది. అడుగు కనిపించేదాకా తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, హాయిగా ఊపిరి వదిలింది. ఆ మర్నాడు పొద్దున పోయింది.

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకూ ఇలాగే చెప్పాను. అల్వాల్ నుంచి వచ్చిన ఆమె చెల్లె నా చేతులు పట్టుకుని, "దూప తీరి పోయింది బావా, మాకు గదే సాలు," అని ఏడ్చింది. అందరూ తలలూపారు. చెంబు సంగతి చెప్పిన ప్రతిసారీ నేను వంటింటి గుమ్మం వైపు చూసి కాసేపు ఆగేవాణ్ణి. ఎవరూ ఏమీ అనలేదు. నా మాట నేను చెప్పినంతా చెల్లుబాటైంది. నా బతుకులో మొదటిసారి.

కాబట్టి ఇది కూడా నేనే దించుకోవాలి.

ఆమె లేచి కూర్చోలేదు. చెంబు ఎత్తడానికి చేతులు చాల్లేదు, నేను పట్టుకున్నా అంచు పెదవులకు ఆనలేదు. నేనే మళ్లీ గిద్దె తెచ్చి, తల కింద చెయ్యి పెట్టి తాగించాను. ఒక గుక్క. మూడు గుక్కల నాటి గుక్క కాదు, ఐదు గుక్కల నాటిది. అందులోనూ కొంత పెదవి పక్క నుంచి కారి దిండులోకి ఇంకింది. ఇంకొంచెం తాగమన్నాను. డాక్టరమ్మ తాగమందని చెప్పాను.

"సాలు," అంది.

చెంబు నిండుగా అలాగే ఉంది.

చుట్టాలందరూ వెళ్లిపోయాక ఒక పొద్దున లేచి, మొహం కడుక్కుని, కుండలోంచి నీళ్లు వంచి, సీసాను గీత దాకా నింపి మంచం పక్కన పెట్టాను. పెట్టాక గానీ తెలియలేదు. తీయబుద్ధి కాలేదు. సాయంత్రం పిల్లలు వచ్చారు. రెండు జడల పిల్ల చాప పరుస్తూ సీసా వైపు చూసి, కూర్చుని పుస్తకం తెరిచింది. పాఠమంతా అయిపోయాక కూడా నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి.