గుట్ట మీది ఊరు, పెద్దబాపు ఫోను

నా చిన్నప్పుడు మేము షార్జాలో అల్ నహ్దాలో ఉండేవాళ్ళం. ఎనిమిదో అంతస్తులో ఒకే గది, పరదా కట్టి దాన్నే రెండు చేసుకున్నాం. నేను ఐదో తరగతిలో ఉండగా కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. పాఠాలన్నీ ఫోనులోనే. ఇప్పటి పిల్లలకు ఈ మాట చెబితే భలే సరదాగా ఉండేదేమో అనుకుంటారు. సరదా లేదు, పాడూ లేదు.

బాపు డెలివరీ పనికి పోతూ తన ఫోను తీసుకుపోయేవాడు. అమ్మది మీటలు నొక్కే పాత ఫోను. అందుకని నా చదువంతా మా పెద్దబాపు ఫోనులో సాగింది. ఆయన మా బాపుకు అన్న, ఇరవై ఏళ్ళుగా దుబాయ్‌లో టైల్స్ మేస్త్రీ. ఆ వేసవిలో కంపెనీ ఇక పని ఖలాస్ అనేసి కూలీల క్యాంపు ఖాళీ చేయిస్తే, ఒక సూట్‌కేసు పట్టుకుని మా గదికి వచ్చాడు. నాకైతే పండగే. ఆయనకు మాత్రం ఒక్కో రోజు గడవడం కష్టంగా ఉండేది.

ఎందుకంటే ఊళ్ళో పెద్దమ్మ కిడ్నీలు పాడై జగిత్యాల ఆస్పత్రిలో ఉంది. వాళ్ళకు పిల్లలు లేరు. రోజూ వీడియోలో కనిపించి ఒకటే మాట అనేది. "మందులద్దు, ఏమద్దు. మనిషివి అచ్చి జెర పక్కన కూసో." మామూలు విమానాలు ఆగిపోయాయి. ఇంటికి పోవాల్సినవాళ్ళు మన కాన్సులేటులో పేర్లు రాయించుకుంటే, లిస్టు ప్రకారం ఫోను చేసి సీటు ఇచ్చేవారు. ఎత్తకపోతే తర్వాతి పేరుకు పోయేవారు. పెద్దబాపు స్నానానికి పోయినా ఫోను ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని పోయేవాడు. నా క్లాసు ఉన్నప్పుడు మాత్రం నాకిచ్చి, పక్కనే గొంతుక్కూర్చుని దాన్నే చూస్తూ ఉండేవాడు.

ఆ నెల సోషల్ టీచరు ఒక్కొక్కరికి ఒక్కో ఊరు ఇచ్చి, దాని భూగోళమూ చరిత్రా చెప్పమంది. నాకు మధ్యధరా సముద్రం దగ్గర గుట్ట మీదున్న ఓ చిన్న ఊరు వచ్చింది. దాని పేరుకు నాకు నోరు తిరగలేదు. పెద్దబాపు దాన్ని "గుట్టూరు" అనేశాడు. కింద బఖాలా కొట్టు నుంచి ఖాళీ అట్టపెట్టెలు తెచ్చి, పొరలు పొరలుగా కోసి అంటించి గుట్ట లేపాడు. నేను పుస్తకంలోంచి చదివి చెబుతుంటే ఆయన మేస్త్రీ కళ్ళతో ఆ ఊరిని పట్టుకునేవాడు. ఏటిపక్క మైదానం వదిలి అంత ఎత్తున ఎందుకు కట్టారంటే, కింద చిత్తడి నేలల్లో జ్వరాలు, సముద్రం మీది నుంచి దోపిడీదొంగలు. ఊరికి వేరే కోట లేదు. అంచున ఉన్న ఇళ్ళ వెనక గోడలే కోట గోడ. లోపలికి ఒక్కటే ద్వారం, పొద్దుగూకగానే మూసేసేవారు. బావి తవ్వితే నీళ్ళు పడవు కాబట్టి కప్పుల మీది వాననీళ్ళన్నీ ఊరి నడుమ నేలకింద కట్టిన తొట్టిలోకి మళ్ళించుకున్నారు. వాలు పొడుగునా సున్నం లేకుండా పేర్చిన రాతికట్టలు, వాటి మీద ఆలివ్ చెట్లు. దొంగల భయం పోయాక, కింద రైలు వచ్చాక, జనం ఒక్కొక్కరే దిగిపోయారు. మగవాళ్ళు ఓడలెక్కి దూరదేశాలకు కూలికి పోయారు. అది వినగానే పెద్దబాపు కత్తెర ఆపి, "గట్లయితే గది గుడ మన ఊరే బిడ్డా" అని నవ్వాడు.

నా వంతు వచ్చిన రోజు పొద్దున చూసుకుంటే సముద్రానికి నీలి కాగితం లేదు. నేను పెంకిదాన్ని. నీలి కాగితం లేకపోతే చెప్పనే చెప్పనని మొండికేశాను. అమ్మ వంటలో ఉంది. పెద్దబాపు మాస్కు తగిలించుకుని లేచాడు. క్లాసు మొదలవబోతోందని ఫోను నాకిచ్చి, తలుపు దగ్గర ఆగి చెప్పాడు. "ఫోనస్తే ఎత్తు బిడ్డా. పెద్దబాపు కిందికి వోయిండు, అస్తుండు అని చెప్పు. అంతే."

ఆయన రాకముందే టీచరు నా పేరు పిలిచింది. అట్ట ఊరికేసి ఫోను తిప్పి మొదలుపెట్టాను. ద్వారం మూసే సంగతి చెబుతుండగా తెర మీద ఏదో ల్యాండ్‌లైన్ నంబరు వచ్చి టీచరు ముఖాన్ని కప్పేసింది. ఎర్ర గుర్తు నొక్కాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ నొక్కాను. కొత్త నంబర్లు ఎత్తొద్దని, అన్నీ బ్యాంకు మోసాలేనని బాపు చెప్పిన మాటను చాలా ఏళ్ళు సాకుగా వాడుకున్నాను. నిజం అది కాదు. ముప్పైమంది నన్నే చూస్తున్నారు, నేను బాగా చెబుతున్నాను. నాకు ఆపాలనిపించలేదు.

పెద్దబాపు నీలి కాగితంతో వచ్చేసరికి క్లాసు అయిపోయింది. ఫోను తీసుకుని చూశాడు. తిరిగి చేశాడు. అది మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నా వైపు ఒక్కసారి చూశాడు, అంతే.

సాయంత్రం ఆయన పాత క్యాంపు మనిషి ఒకాయన బాపుకు ఫోను చేశాడు. సీటు దొరికింది, రేపే పోతున్నానని. బాపు గాభరాగా అడిగాడు. "నీకు రాలేదా అన్నా?"

"అచ్చింది. క్లాసయినంక నిద్రవట్టింది, ఎత్తలే."

బాపు అన్నను తిట్టడం నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. అక్కడ మనిషి చావుబతుకుల్లో ఉంటే పట్టపగలు నిద్ర ఎలా పట్టిందని అమ్మ కూడా ఏడ్చింది. ఆయన తలెత్తలేదు. నేను పరదా వెనక ఉన్నాను. ఒక్క అడుగు ముందుకు వేస్తే చాలు. వెయ్యలేదు.

మర్నాడు నన్ను పిలిచి, నిన్న తను లేడు కదా, పాఠం చెప్పమన్నాడు. చెప్పాను. ద్వారం దగ్గరికి రాగానే ఆపి, మూసినాక వచ్చినవాళ్ళ సంగతేమిటని అడిగాడు. పొద్దున్నదాకా బయటేనన్నాను. నా తల మీద చెయ్యి వేశాడు. "తలుపేసినోళ్లది తప్పు గాదు బిడ్డా. బయట ఎవ్వలున్నరో ఆళ్లకేం ఎరుక."

ఆరో రోజున పెద్దమ్మ పోయింది. పెద్దబాపు దహనాన్ని ఆ ఫోనులోనే చూశాడు. చితి ఇంకా మండుతూనే ఉంది. గడియారం చూసి, తెర తుడిచి, ఫోను నా చేతికిచ్చాడు. "క్లాసు టైమైంది." నాకొద్దని ఏడిస్తే, తనే నా పేరు కొట్టి తెరిచిపెట్టి వరండాలోకి పోయాడు. ఆ రోజు టీచరు నా ఊరికి మొదటి బహుమతి ప్రకటించింది.

ఆయన రెండు నెలల తర్వాత ఊరికి వెళ్ళాడు. ఇంకో పన్నెండేళ్ళు బతికాడు. బాపు ఆయన్ని చివరిదాకా పూర్తిగా క్షమించలేదు. పెద్దమ్మ తమ్ముళ్ళు ఆయనతో మాటలే మానేశారు. అదంతా నాకు తెలుస్తూనే ఉంది. ఆయన ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఎవరైనా పిల్లలు తప్పు చేసి నక్కితే, ఆయనలా నేను దాన్ని నెత్తిన వేసుకోను. నువ్వే చేశావు, నాకు తెలుసు, రా, ఇద్దరం కలిసి చెబుదాం అంటాను. నన్ను మహా కఠినురాలంటారు. అననీ. పెద్దవాళ్ళు ఎంత ప్రేమతో మోసినా, మన తప్పు మన నోటితో చెప్పేదాకా దిగదు. నాకు పన్నెండేళ్ళు టైముండింది. ఆయన నంబరు కూడా మారలేదు. ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. చెయ్యలేదు.