మేడమ్ జీ ఏ వరస

ఆ రోజుల్లో నాకు తెలియని కార్మిక చట్టం ఉండేది కాదు. కరోనాకి రెండేళ్ల ముందు మాట. ఎంబీఏ పట్టా ఇంకా ప్లాస్టిక్ కవరులోనే ఉంది, గ్రేటర్ నోయిడాలో ఫ్యాన్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ ట్రైనీగా చేరి నాలుగు నెలలైంది. సైన్యంలో సుబేదారుగా ఉన్న మా నాన్న కంటోన్మెంటులో మా క్వార్టర్స్ చుట్టుపక్కల అందరికీ "మా అమ్మాయి ఫ్యాక్టరీలో ఆఫీసరు" అని చెప్పుకున్నారు. (నేను సరిదిద్దలేదు. నేనూ అలాగే అనుకుంటున్నాను మరి.)

మా దగ్గర ప్యాకింగ్, లోడింగ్ పనులన్నీ ఒక ఠేకేదారు, అంటే లేబర్ కాంట్రాక్టరు, పంపిన మనుషులే చేసేవారు. ఒకరోజు మా మేనేజరు, అందరూ చాటుగా మీసాల సారు అని పిలిచే పెద్దమనిషి, నన్ను పిలిచి, మన ఫ్యాన్లు కొనే కంపెనీవాళ్లు వచ్చే వారం తనిఖీకి వస్తున్నారు, కనీస వేతనాల పట్టిక హిందీలో రాయించి గేటు దగ్గర అంటించమన్నారు. అంటించమన్నారు, అంతే. ఉపన్యాసం ఇవ్వమనలేదు. కానీ టీ విరామంలో అంతమంది ఒకచోట నిలబడి కనిపిస్తే నాలాంటిదానికి నోరు ఊరుకుంటుందా? పట్టిక పక్కన నిలబడి, స్కేలు పట్టుకుని మరీ మొదలుపెట్టాను. మామూలు హెల్పర్లది మొదటి వరస, కొంత పని నేర్చినవాళ్లది రెండోది, పూర్తి పనితనం ఉన్నవాళ్లు, గుమాస్తాలు మూడోది, ఎవరికీ తమ వరసకి తగ్గి ఇవ్వకూడదు అన్నాను. ఠేకేదారు తక్కువ ఇస్తే ఆ మిగతాది మన కంపెనీయే ఇచ్చి, తరవాత అతని దగ్గర రాబట్టుకోవాలని కూడా చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆ పూట నేను నేలమీద నడవలేదు.

మర్నాడు పొద్దున్న నా బల్ల ముందు పద్నాలుగు మంది జీతం చీటీలు పట్టుకుని నిలబడ్డారు. అందరికన్నా ముందు, అక్కడివాళ్లంతా ప్యాకింగ్ దీదీ అని పిలిచే ఆవిడ. ఎనిమిదేళ్లుగా అట్టపెట్టెలకి పట్టీలు బిగించే మెషిన్ నడుపుతున్న మనిషి. చీటీలో మాత్రం హెల్పర్ అని ఉంది. నేను ఒక్కొక్కరి పనీ అడిగి, పట్టికతో పోల్చి, జాబితా రాయడం మొదలుపెట్టాను. పెన్ను కదులుతుంటే మహా గొప్పగా ఉంది. అంతలో దీదీ, ఏ ఎత్తిపొడుపూ లేకుండా, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"మేడమ్ జీ, మీది ఏ వరస?"

నేను నవ్వి, నేను కంపెనీ స్టాఫుని, ఈ వరసలు నాకు వర్తించవని చెప్పాను. ఆమె నా మెడవైపు చూసింది. "అచ్ఛా. మరి మీ కార్డు తాడు పసుపుగా ఉందేమిటి? కంపెనీవాళ్లది నీలం కదా. పసుపు మాది."

నాలుగు నెలలుగా ఆ పసుపు తాడు నా చుడీదార్లకి బాగా నప్పుతోందని సంతోషిస్తున్నదాన్ని నేను. వాళ్లు వెళ్లాక నా అపాయింట్‌మెంట్ లెటరు తీశాను. (చదవకుండా దేనిమీదా సంతకం పెట్టకండని కిందటి రోజే అందరికీ చెప్పాను.) అడుగున ఉన్నది ఠేకేదారు ముద్ర. జీతం చీటీ తీసి పట్టిక పక్కన పెట్టాను. ట్రైనీ అని పేరేగానీ నేను చేసేది పూర్తిగా గుమాస్తా పని. మూడో వరస. నాకొచ్చేది రెండో వరసకి కూడా అందడం లేదు.

జాబితాలో నా పేరు రాయాలా వద్దా అని మధ్యాహ్నం దాకా కొట్టుమిట్టాడాను. రాస్తే ఆఫీసరు హోదా పోతుంది. ఉద్యోగమే పోవచ్చు. రాయకపోతే, పద్నాలుగు మందికీ ధైర్యం చెప్పి నేను దాక్కున్నట్టు. చివరికి పదిహేనో పేరుగా నాది, వీలైనంత చిన్న అక్షరాల్లో రాసి మీసాల సారు ముందు పెట్టాను.

ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కాగితం ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఈ చివరి పేరు ఎవరిదని అడిగారు. నాదే సార్ అన్నాను. ఆయన జాబితా మళ్లీ మొదటినుంచి చదివారు. నా కాళ్లు వాటంతటవే తలుపువైపు తిరిగాయి.

"మిగతా పద్నాలుగూ నువ్వు కనిపెట్టావు. నీది ఎవరు కనిపెట్టారు బేటా?"

"ప్యాకింగ్ దీదీ, సార్."

మీసాలు కదిలాయి. ఆ మనిషి నవ్వడం నేను అప్పుడే చూశాను. ఠేకేదారుని పిలిపించారు. అతను ట్రైనింగు, అలవాటు, పాత పద్ధతి అంటూ ఏదో చెప్పబోతే, తనిఖీవాళ్లకి ఇదంతా నువ్వే వచ్చి చెప్పు అన్నారు. ఠీక్ హై సార్, ఠీక్ హై అంటూ అతను కూర్చున్నాడు. తక్కువపడిందంతా ఆ నెలాఖరుకి పదిహేను మంది ఖాతాల్లోనూ పడింది, ఠేకేదారు బిల్లులోంచి కోత పడింది. డబ్బు పడిన రోజు క్యాంటీన్లో దీదీ తన డబ్బాలోంచి నా ప్లేట్లో ఆలూ పరాఠా పెట్టి, ఇక నుంచి మాతోనే తినమంది.

ఇప్పుడు గురుగ్రామ్‌లో ఈ నిబంధనల మీదే మేనేజర్లకి పాఠాలు చెబుతుంటాను. అన్నీ ఆచితూచి, సందర్భాన్ని బట్టి అంటూ చెబుతాను. తప్పులు దొర్లవు. మర్నాడు నా బల్ల ముందు ఎవరూ నిలబడరు కూడా. సగం తెలిసి పూర్తి గొంతుతో చెప్పేసిన ఆ పిల్ల ఇవాళ ఉద్యోగానికి నా ముందుకొస్తే, కాస్త నెమ్మదిగా మాట్లాడు తల్లీ అంటాను. అని, అప్పటికప్పుడే చేర్చుకుంటాను.