పప్పుచారు తొణకకుండా కారు నడిపిన మా పద్మ

నిన్న పొద్దున ఫోన్ మోగితే నేను కంగారుపడలేదు.

ఎప్పుడు ఫోన్ మోగినా ఎవరికి ఏమైందోనని వణికే మనిషిని. నిన్న మాత్రం పాలవాడేమో అనుకుని, చేతిలో కొత్తిమీర కట్టతోనే ఎత్తాను.

పద్మ లేదట.

నిద్రలోనే పోయిందట. హార్ట్ ఎటాక్ అన్నారు.

మా ఆయన చెల్లెలు పద్మ. మొన్న సాయంత్రమే వీడియో కాల్‌లో మోకాళ్లకు నూనె రాసుకున్నానా లేదా అని నన్ను గద్దించింది. ఆ మనిషి లేదంటే ఎట్లా నమ్మేది?

నాకు పెద్దగా చదువు లేదు. ఫోన్‌లో మాట్లాడుతుంటే అక్షరాలు పడుతున్నాయి. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

మన ఇంటి గ్రూపులో ఉన్న చిన్నవాళ్లకు పద్మ తెల్ల జుట్టుతోనే తెలుసు. నాకు మాత్రం స్టీరింగ్ వెనకాల తెలుసు.

తొంభైల చివర సంగతి. హైటెక్ సిటీలో మొదటి బిల్డింగులు లేస్తున్న రోజులు. మేమంతా గోపన్‌పల్లిలో ఉండేవాళ్లం. అక్కడ పనిచేసే ఇంజనీర్లకు, ఆఫీసు వాళ్లకు పద్మ మధ్యాహ్నం భోజనం వండి పంపేది. పంపేది అంటే, పాత తెల్ల కారులో పెద్ద పెద్ద వంట గంజులు పెట్టుకుని తనే నడుపుకుంటూ పోయేది.

అప్పట్లో కారు నడిపే ఆడవాళ్లను రోడ్డు మీద ఆగి మరీ చూసేవాళ్లు.

దారిలో బండరాళ్ల మధ్య ఒక ఎత్తు ఉండేది. ఒకరోజు ఆ ఎత్తు మీద ఇంజన్ అరుస్తోంది గానీ కారు ముందుకు పోవడం లేదు. కాలిన వాసన. మెల్లగా వెనక్కి జారింది. లోపల అన్నం, పప్పుచారు, కూరలు.

ఎట్లాగో చేరేసరికి ఆఫీసు వాళ్ల లంచ్ టైం అయిపోయింది. ఇంకోసారి ఇట్లా అయితే వేరేవాళ్లను చూసుకుంటామని చెప్పేశారు.

క్లచ్ ప్లేటు అరిగిపోయింది. బాలానగర్‌లో కరీం భాయ్ అని మెకానిక్. ఇంత బరువు మోయాలంటే పెద్ద ప్లేటు కావాలన్నాడు. పెద్ద ప్లేటు ఆనాలంటే ఇంజన్ వెనకాల తిరిగే ఇనుప చక్రం, ఫ్లైవీల్ అంటారు, అది కూడా మార్చాలన్నాడు. ఆ చక్రం ఏ మాత్రం వంకరగా తిరిగినా వణుకు గేర్‌బాక్స్‌కు పాకుతుందని లేత్ షాపులో బ్యాలెన్స్ చేయించి మరీ బిగించాడు.

తాళం చేతికిస్తూ ఒక మాట చెప్పాడు. నాకు ఇప్పటికీ గుర్తు.

"పాత ప్లేటు జారుతుండె అక్కా. దెబ్బ అదే తింటుండె. ఇది జారది. నువ్వు క్లచ్ మీదికెల్లి కాలు జట్కున తీసినవనుకో, దెబ్బ సీదా గేర్‌బాక్స్‌కు పోతది."

కొత్త ప్లేటు కుదురుకునే దాకా బరువు తగ్గించమన్నాడు. మెల్లగా నడపమన్నాడు.

మెల్లగా అనే మాట పద్మకు తెలియదు. గేర్‌బాక్స్ పోతే కొత్తది వేయించే స్థోమత లేదు. కారు ఆగితే భోజనాలు ఆగిపోతాయి. ఇల్లు గడిచేది దాని మీదే.

మర్నాడు నన్ను వెనక సీట్లో కూర్చోమంది. పప్పుచారు గంజు నా పాదాల మధ్య పెట్టింది. మూత పట్టుకోవాలి. చారు తొణికితే చెప్పాలి. అంతే నా పని.

కారంటేనే నాకు భయం, ఇంకెవరినైనా తీసుకుపొమ్మన్నాను.

"నువ్వు భయపడ్తవనే రమ్మంటున్న వదినె. ధైర్యమున్నోళ్లు నాకేం చెప్తరు?"

మా ఆయన అరుగు మీద కూర్చుని నవ్వాడు. "నా చెల్లెకు బ్రేకుల్లేవు. నా పెండ్లానికి బ్రేకులు తప్ప ఇంకేం లేవు. మంచిగ కుదిరిన్రు."

మొదటి రోజు నా చీరంతా చారే.

ఇంటికొచ్చాక పద్మ కారు దిగి నా కుచ్చిళ్లు చూసింది. ఆ తర్వాత రోజూ చూసేది. మరక ఎంత ఉందో దాన్నిబట్టి తన కాలు ఎంత తప్పు చేసిందో లెక్క వేసుకునేది. రోజురోజుకూ మరక తగ్గింది.

ఒకరోజు అదే ఎత్తు మీద ముందు లారీ ఆగిపోయింది. వెనకాల ఆఫీసు బస్సు ఒకటే హారన్. పద్మ మెడ నరాలు బిగుసుకున్నాయి. అట్లా అయితే కాలు ఒక్కసారిగా తీసేస్తుందని నాకు తెలుసు.

నేను కళ్లు మూసుకుని, "మెల్లగ పద్మా, మెల్లగ," అన్నాను.

హారన్ మోగుతూనే ఉంది. పద్మ కాలు మెల్లగా లేచింది. కారు వెనక్కి జారలేదు, కుదపలేదు. పైకి ఎక్కేసింది.

మూత కింద చుక్క కూడా తొణకలేదు.

కొన్నేళ్ల తర్వాత ఆ కారు అమ్మేశారు. అమ్మిన రోజుకు కూడా గేర్‌బాక్స్ అదే.

నా భయాన్ని అందరూ జబ్బు అన్నారు. మా ఆయన, పిల్లలు, డాక్టర్ కూడా. పద్మ ఒక్కతే దానికి ఒక పని ఇచ్చింది. ఇప్పుడు ఈ భయాన్ని ఏం చేసుకోవాలో నాకు తెలియడం లేదు.

నిన్న సాయంత్రం గచ్చిబౌలిలో వాళ్ల అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పద్మను అంతిమయాత్ర వ్యాన్‌లోకి ఎక్కించారు. నేను డ్రైవర్ కిటికీ పక్కనే నిలబడ్డాను. డ్రైవర్ క్లచ్ ఒక్కసారిగా వదిలాడు. బండి కుదిపింది.

నా చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది. మూత పట్టుకోవడానికి.

"మెల్లగ బిడ్డా," అన్నాను.

ఆ డ్రైవర్ పిల్లవాడు నా వైపు చూశాడు. బండి ఆపి, మళ్లీ కదిలించాడు. ఈసారి మెల్లగా.

రేపు మూడో రోజుకు పద్మ ఇంటికి వచ్చేవాళ్లు జాగ్రత్తగా రండి. ఫ్లైఓవర్ మీద తొందరపడకండి. చేరగానే ఒక మెసేజ్ పెట్టండి.

పోయిరా పద్మా. ఎవరు హారన్ కొట్టినా పట్టించుకోకు. ఏ కుదుపూ లేని చోట నువ్వు చల్లగా ఉండాలి.