జోడు మంద

మొన్న కరీంనగర్ బస్టాండులో ఊరి బస్సు కోసం నిలబడి ఉంటే వాన మొదలైంది. ఎవరో ముసలాయన తడిసిన గొంగడి తల మీదుగా కప్పుకుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు. తడి ఉన్ని వాసన ఒకలాంటిది. గొర్రె ఒళ్లు, మట్టి, కట్టెల పొగ అన్నీ కలిసి ఉంటాయి అందులో. పక్కనున్న అమ్మాయిలు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకుని దూరం జరిగారు. నేను కదల్లేకపోయాను. బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఆ వాసన ఉన్నంతసేపూ మల్లవ్వ పెద్దవ్వ బస్టాండు స్తంభం అవతలే కూర్చుని ఉన్ని వడుకుతున్నట్టు అనిపించింది.

మాది సుల్తానాబాద్ దగ్గర పల్లె. మల్లవ్వ మా పక్కింటావిడ. చుట్టం కాదు. వాళ్లు గొర్రెలు కాసే కురుమలు, మేం వరి పండించేవాళ్లం. వరుస కలుపుకుని పెద్దవ్వా అని పిలిచేదాన్ని. చిన్నప్పుడు నాకు మాట వచ్చేది కాదు. వచ్చేది కానీ మనుషుల ముందు గొంతు దాటేది కాదు. ఇంటికి ఎవరైనా వస్తే తలుపు చాటుకు పోయేదాన్ని. "దీనికి నోరు లేదు, రేపు ఎట్ల బతుకుతదో" అని నన్ను కన్న మా అవ్వే అందరి ముందూ అనేది. మల్లవ్వ మాత్రం నన్ను ఏమీ అడిగేది కాదు. నేను గోడ పక్కనుంచి వాళ్ల దొడ్లోకి వెళ్తే, కత్తిరించిన ఉన్ని కుప్ప నా వైపు తోసేది. అందులోంచి ముళ్లూ గడ్డిపరకలూ ఏరడం నా పని. ఆమె కదురు తిప్పుతూ ఉండేది. అలా మధ్యాహ్నాలకు మధ్యాహ్నాలు గడిచేవి. ఒకసారి మా అవ్వ గోడ మీదుగా చూసి, "మూగదానికి మూగది దొరికింది" అని నవ్వింది. మల్లవ్వ తల ఎత్తకుండానే, "మాటలు యాడికి పోతయి చెల్లె, కడుపుల్నే ఉంటయి" అంది. ఆ మాట నాకెంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. ఆ రోజు ఇంటికి వచ్చి, కడుపులో ఉన్న మాటలను మొదటిసారి కాగితం మీద పెట్టాను. ఇప్పటికీ రోజూ రాసుకుంటాను.

ఆమె భర్త ఓదేలు. ఓదేలుకు ప్రాణ స్నేహితుడు బీరయ్య. మల్లవ్వతో కలిపి ముగ్గురూ ఒకే వాడలో పుట్టి, పిల్లలప్పుడు గొర్రెపిల్లల వెంట కలిసి తిరిగినవాళ్లు. ఓదేలు, బీరయ్య తమ గొర్రెలను కలిపి ఒకే మందగా కాసేవారు. మా ఊళ్లో దాన్ని జోడు మంద అనేవారు. గొర్రెపిల్ల పుట్టగానే దాని చెవికి గుర్తుగా ఇద్దరిదీ ఒకే గంటు కోసేవారు. ఇక అది ఎవరిదని ఎవరూ చెప్పలేరు. వరికోతలయ్యాక ఎరువు కోసం రైతులు తమ పొలంలో మంద పెట్టించుకుంటారు. మా పొలంలో పెట్టినప్పుడు పొద్దున్నే మల్లవ్వ ఇద్దరికీ సద్ది తెచ్చేది. నేనూ వెంట వెళ్లేదాన్ని.

ఓదేలు నవ్వకుండా ఉండలేని మనిషి. సద్ది మూట విప్పి, "ఏమే, బీరిగానికి రొట్టె ఎక్కువ కట్టినవేంది? లగ్గమైంది నాతోనా, వానితోనా?" అనేవాడు.

"నీ పొట్ట సూస్కో ముందుగాల. మొక్కుకు ఇడిసిన పొట్టేలు లెక్క ఉన్నవ్" అనేది మల్లవ్వ.

 బీరయ్య తన రొట్టెలోంచి సగం విరిచి కుక్కకు వేసేవాడు. ఆయన పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "గొర్లెంబడి తిరిగెటోనికి పిల్లనెవడిస్తడు" అనేవాడు, ఊరి నిండా గొర్రెల వెంట తిరుగుతూ పిల్లాపాపలతో ఉన్నవాళ్లే అయినా. నేను మాట్లాడని పిల్లను కనుక వినడం ఎక్కువ. ఒకటి గమనించాను. మా ఊళ్లో ప్రతివాళ్లనూ అన్న, బావ, కాక, ఏదో ఒక వరుస పెట్టి పిలుస్తారు. మల్లవ్వ బీరయ్యను ఏ వరుసతోనూ పిలవదు, పేరుతోనూ పిలవదు. "ఇగో, నీళ్లు తాగుతవా?" అంటుంది. అంతే.

అదెందుకో నాకు తెలిసింది ఇంటర్ చదివేటప్పుడు. ఆమె ఏమీ దాచకుండా, ఉన్ని వడుకుతూనే చెప్పింది. పెళ్లీడులో ఉండగా ఒకరోజు బీరయ్య ఆమె దగ్గరికి వచ్చాడట, చేతికర్రతో నేల గీకుతూ. "ఓదెగాడు నిన్ను చేసుకుంటడట. అడిగి రమ్మన్నడు" అన్నాడట.

"నేనన్న, నువ్వేమంటవ్ అని" అంది మల్లవ్వ. "వాడు మంచోడు అన్నడు. వాడు మంచోడని నాకు తెల్వదా, ఇంత పొడుగున్నప్పటి సంది సూస్తున్న. నువ్వేమంటవో చెప్పు అన్న. మల్ల గదే అన్నడు. నాకు మంట లేసింది బిడ్డ. గట్లనే కానియ్, పోయి చెప్పు అన్న. పోయి చెప్పిండు."

కదురు ఆపి దారం చివర చూసుకుంది. "గంతే" అంది.

ఓదేలుకు తెలియదని కొంతకాలం అనుకున్నాను. తెలుసు. నేను హైస్కూల్లో ఉన్నప్పుడే ఆయన మంద బీరయ్యకు అప్పగించి దుబాయి పోయాడు, మా ఊరి వాళ్లు చాలామంది పోయినట్టే. అప్పులేమీ లేవు, పిల్లలూ లేరు, ఎందుకు పోయాడో ఎవరికీ అర్థం కాలేదు. ఆయన లేనన్నాళ్లూ బీరయ్య వాళ్ల గడప తొక్కలేదు. మందను దొడ్లోకి తోలి, వాకిట్లో నిలబడి నీళ్లు తాగి వెళ్లిపోయేవాడు. జ్వరం వచ్చి మల్లవ్వ లేవలేనప్పుడు కూడా మా అవ్వను పిలిచాడు కానీ లోపలికి పోలేదు. నా ఇంటర్ రెండో ఏడులో ఓదేలు చిక్కిపోయి తిరిగి వచ్చాడు. వచ్చిన మర్నాడు దొడ్లో ఇద్దరూ పొట్టేలు డెక్కలు చెక్కుతున్నారు. నేను ఉన్ని కుప్ప దగ్గర ఉన్నాను.

"నా ఇంట్ల కాలు పెట్టలేదట గదరా" అన్నాడు ఓదేలు.

"నువ్వు లేంది ఎట్ల పెడుత?"

ఓదేలు కత్తి కింద పెట్టాడు. "పెడితే అయిపోవురా బీరిగా. గందుకే పోయిన. నేను యాడనో ఉందును, మీరిద్దరు ఇక్కడ ఉందురు. గిప్పుడు ముగ్గురం మల్ల గీ దొడ్లెనే పడ్డం."

బీరయ్య పొట్టేలు కాలు వదల్లేదు. "దీని డెక్క పగిలింది, జర గట్టిగ పట్టు" అన్నాడు. ఓదేలు పట్టుకున్నాడు. తర్వాత ఎప్పటిలాగే జోకులేశాడు. ఆ నవ్వులో ఎంత ఓటమి ఉందో ఆ రోజు నుంచి నాకు వినిపించేది.

ఓదేలు కామెర్లతో పోయాడు. నేను డిగ్రీలో చేరిన ఏడు అది. బీరయ్య ఏడవలేదు, మందను మేతకు తోలడం ఒక్క పూట కూడా ఆపలేదు. కానీ పెళ్లికాని మగవాడిదీ భర్త లేని ఆడదానిదీ ఒకే మంద అయితే ఊరు ఊరుకోదు. సంవత్సరీకం కాగానే కులపెద్దలు దొడ్లోనే కూర్చున్నారు. వాళ్లలో పెద్దాయన మంచి మనసుతోనే అడిగాడు.

"మారుమనువు మనకేం కొత్త గాదు. చేసుకుంటమంటే చెప్పుండ్రి, అందరం ముందటుండి చేస్తం. లేదంటే మందను రెండు చెయ్యుండ్రి. ఏమంటవ్ బీరయ్యా?"

గోడ ఇవతల నిలబడి నేను వింటున్నాను. ముందు మగవాడు అడగాలి, అది వాళ్ల ఆచారం. మల్లవ్వ తల ఎత్తి బీరయ్య వైపే చూస్తోంది, అందరి ముందూ, దాపరికం లేకుండా. జీవితంలో ఆమె చేసిన ఒకే ఒక సాహసం అదేనేమో. ఆయన చూడలేదు. కర్రతో నేల గీకుతున్నాడు. గీకుతూనే, "రెండు చేద్దాం" అన్నాడు.

జోడు మంద విడిపోయేటప్పుడు ఒకరు భాగాలు చేస్తారు, రెండోవాళ్లు ముందుగా కోరుకుంటారు. చేసేవాడు అన్యాయం చేయకుండా ఉండడానికి ఆ పద్ధతి. బీరయ్య భాగాలు చేశాడు. చూస్తున్నవాళ్లు ముఖాలు చూసుకున్నారు. ఒక వైపు చూడి గొర్రెలు, పాలిచ్చేవి, ముందు నడిచే పొట్టేలు. ఇంకో వైపు పళ్లూడినవి, కుంటివి, చూపు తగ్గినవి. పిల్లవాడైనా ఏది కోరుకోవాలో చెప్పగలడు. మల్లవ్వ లేచి నడిచి వెళ్లి కుంటి గొర్రె మీద చెయ్యి వేసింది.

"ఇవి నావి" అంది.

ఎవరో పకపకా నవ్వారు. "మల్లవ్వా, కండ్లు కనవడుతలేవా ఏంది? మల్లొక్కసారి సూడు!"

"సూసిన" అంది.

బీరయ్య తలకు చుట్టుకున్న రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. ఆ సాయంత్రమే తన వంతు మందను ఉత్తరానికి తోలుకుపోయాడు. ఏటా ఎండాకాలం గోదావరి దాటి ఖానాపూర్ అడవి వైపు మేతకు పోవడం, తొలకరికి తిరిగి రావడం వాళ్లకు అలవాటే. ఈసారి తొలకరి వచ్చింది, ఆయన రాలేదు. ఆ తర్వాతి ఏడూ రాలేదు. మల్లవ్వ దగ్గరున్న ముసలి గొర్రెలు ఒకదాని తర్వాత ఒకటి చచ్చిపోయాయి. కొమ్మలు నరికి తెచ్చి నోటికి అందించి మేపేది. చివరిది పోయిన రోజు దొడ్డి ఊడ్చి ముగ్గు పెట్టింది, ఇక తొక్కేవి లేవు కనుక.

నేను కరీంనగర్లో ఒక బడిలో ఆఫీసు పనికి చేరాను. కిందటేడు దసరా సెలవులకు ఊరికి వెళ్తే మల్లవ్వ మంచంలో ఉంది. కాళ్లు ఉబ్బి ఉన్నాయి, మాటకూ మాటకూ మధ్య ఆయాసం. లాభం లేదని డాక్టరు చెప్పాడట. నా చెయ్యి పట్టుకుంది.

"బీరయ్య దగ్గరికి పోతవా బిడ్డ?" ఆమె నోట ఆ పేరు వినడం అదే మొదటిసారి. "నేను గా కుంటి గొర్లను ఎందుకు పట్టుకున్ననో చెప్పు. వాటితోని వాడు ఎండలల్ల ఏం బతుకుతడని పట్టుకున్న. గట్లెందుకు పోయిండో అడుగు. ఒక్కసారి వచ్చి పొమ్మను."

కొత్తవాళ్లతో మాట్లాడాలంటే చెమటలు పట్టే నన్ను పంపింది. జగిత్యాలలో బస్సు మారి ఖానాపూర్ చేరి, అడుగుతూ అడుగుతూ వెళ్తే ఊరవతల ఒక పసుపు చేను పక్కన బీళ్లలో మంద కనిపించింది. ఆయన బాగా ముసలివాడయ్యాడు. నన్ను గుర్తుపట్టి, "నోరులేని పిల్లవు గదా" అని నవ్వాడు. చెప్పమన్నదంతా చెప్పాను. నా జీవితంలో ఒక మనిషితో అంతసేపు మాట్లాడింది అదే.

ఆయన నేల మీద కూర్చుండిపోయాడు.

"ఏడాది తిరగంగనే నేను అడిగితే, వాని సావుకే కాసుకొని కూసున్నడంటరని అడగలే" అన్నాడు. "మంచియన్ని ఆమె కోసమని ఒక్క దిక్కు పెట్టిన. గంత మందను ఒక్కతే కాయలేదు, జర వచ్చి సూడు అని నన్నే పిలుస్తదనుకున్న. నలుగురిల ముసలి గొర్లను పట్టుకున్నది. నేను పెట్టింది ఏదీ వద్దన్నదనుకున్న."

"వద్దనలేదు కాకా. ఒక్కసారి వచ్చి పో."

మంద వైపు చూశాడు. "వచ్చి ఏమని కూసుండాలె ఆమె పక్కపొంటి? వద్దన్నది గదా అని ఇన్నొద్దులు బతికిన. గా కోపం మీదనే ఎండల నడిసిన, వానల నడిసిన. అది నాకు ఆసర ఉండె. గిదెందుకు చెప్పినవ్ బిడ్డ?"

లేచి గొర్రెల మధ్యకు వెళ్లి, నా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. బస్సు వేళయ్యేదాకా చూశాను. తిరగలేదు.

మల్లవ్వకు అబద్ధం చెప్పలేకపోయాను. అన్నీ చెప్పాను. "అంటే ఇద్దరం..." అని ఆగింది. "వస్తడా?" అంది. రాడన్నాను. కళ్లు మూసుకుని, "మంద సల్లంగున్నదా?" అని అడిగింది. ఉందన్నాను. తనను గోడ వైపు తిప్పమంది. తిప్పాను. దీపావళి లోపే పోయింది. బీరయ్యకు కబురు పంపారు, అందిందో లేదో తెలియదు. రాలేదు.

మాట కడుపులో ఉంచుకోవడం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఒకప్పుడు అది గొప్ప సంగతి అనుకునేదాన్ని. ఇప్పుడు ఎవరైనా అడిగిన దానికి ఆలోచించకుండా వెంటనే జవాబిస్తాను. ఒక్కోసారి తప్పు చెబుతాను. బడిలో వాళ్లు నాకు బెరుకు పోయిందంటున్నారు. నిజానికి అది భయం, మాట లోపలే ఉండిపోతుందేమోనని. కానీ ఎవరికైనా నిజంగా చెప్పవలసిన మాట నాలుక మీదికి వస్తే మాత్రం, ఆ బీళ్లలో నా వైపు తిరగని వీపు కళ్ల ముందుకు వస్తుంది. ఎందుకు చెప్పావని బీరయ్య అడిగిన దానికి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. రోజూ రాస్తూనే ఉన్నాను, ఇప్పటికీ దొరకలేదు.