ఎడమకు దిగే చోట

కుడికి పోవాలంటే ముందు ఎడమకు దిగాలి. పెద్ద రోడ్డు గురించి మా నాన్నకు, మా బాపుకు, ఎంత చెప్పినా ఎక్కని ముక్క ఇదొక్కటే. చెరుకు లారీ నడిపి తల నెరిసిన మనిషి. రుద్రూర్ చుట్టుపక్కల ఏ తోటకు ఏ బాట పోతుందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో అయితే బాట కూడా చూడనక్కర్లేదు, పాకం వాసన వచ్చిన దిక్కు మలిపితే బోధన్ వచ్చేది. నాలుగు లైన్ల రోడ్డు మీద ఏ వాసనా లేదు. ఆకుపచ్చ బోర్డులున్నాయి, వాటిని ఆయన లెక్కచేయలేదు.

మా ఏర్గట్ల నుంచి వచ్చి పెద్ద రోడ్డెక్కి, ఆర్మూర్ దగ్గర ఎడమకు దిగి, వంతెన కింద నుంచి కుడికి మలిగితే నిజామాబాద్ దారి. బాపు ప్రతిసారీ వంతెన మీద నుంచే దూసుకుపోయేవాడు. టోల్ గేటు కనబడ్డాక గానీ తప్పిపోయినట్టు తెలిసేది కాదు.

"ముక్కేదంటె మెడ సుట్టు తిప్పి సూపిచ్చినట్టున్నది" అని రోడ్డునే తిట్టేవాడు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

కూతురినైన నాకు స్టీరింగ్ పట్టడం నేర్పింది కూడా ఆ రోడ్డు మీదే. అప్పటికి రోడ్డు వేశారు కానీ బండ్లను వదల్లేదు. ఒక పక్కంతా ఉడకబెట్టిన పసుపు ఆరబోసి ఉండేది. పొద్దుటి పొగమంచులో రోడ్డు ఎక్కడ మొదలైందో, పసుపు ఎక్కడ అయిపోయిందో తెలిసేది కాదు. మొత్తం లోకంలో బాపూ నేనూ ఒక పాత జీపూ మాత్రమే ఉన్నట్టుండేది. ఆ తర్వాత, చూపు మందగించాక, నేను నడిపితే వెనక సీటులో కిటికీ పక్కన కూర్చునేవాడు. కూర్చున్న ఐదు నిమిషాలకే గురక.

ఆయన పోయిన మూడో నాడు బొక్కలు, ఆయన అస్థికలు, నదిలో కలపడానికి బయల్దేరాం. గోదావరి మాకు దగ్గరే. కానీ బాపు ముందే చెప్పిపెట్టాడు, బోధన్ మీదుగా కందకుర్తి గోదావరికి తీసుకపోండ్రి అని. మళ్లొకసారి చెరుకు బాట పట్టాలని ఆశ. తమ్ముడు నా పక్క సీటులో, ఒళ్లో తెల్ల గుడ్డ కట్టిన కుండతో. వెనక అవ్వ, మమ్మల్ని కన్నతల్లి, ఒక్కతే.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. బొక్కలు నదికి తీసుకుపోయేటప్పుడు, బాట మలిగిన ప్రతిచోటా, వాగు దాటిన ప్రతిచోటా, పోయిన మనిషిని పిలిచి దారి చెప్పాలి. లేకపోతే వెంట వస్తూ వస్తూ తప్పిపోతారు. తమ్ముడు ఊరి మొదలు పిలుస్తూనే ఉన్నాడు. "బాపూ, గిటు మలుగుతున్నం, రా." నాకు ఒకపక్క విసుగు, ఒకపక్క వాడి మీద కుళ్లు. వాడు పిలవగలుగుతున్నాడు, ఏడవగలుగుతున్నాడు. నాకు మూడు రోజులుగా కంటి వెంట చుక్క రాలేదు.

మధ్యాహ్నపు ఎండలో పెద్ద రోడ్డు నీళ్లలా మెరుస్తోంది. మూడు రాత్రుల నిద్ర తమ్ముడికీ అవ్వకూ ఒక్కసారే ముంచుకొచ్చింది. దిగే చోటు వచ్చింది. లేపుదామనుకున్నాను, లేపలేదు. నేనే పిలుద్దామని నోరు తెరిచాను, సిగ్గేసింది. ఇవన్నీ నమ్మని మనిషినని నాకు పేరు. ఎడమకు దిగాను, వంతెన కింద దూరాను, కుడికి మలిగాను. ఒక్క మాట మాట్లాడలేదు.

నిజామాబాద్‌లో మొదటి సిగ్నల్ దగ్గర కారు ఆగితే అవ్వ ఉలిక్కిపడి లేచింది.

"వంతెన కాడ దిగినప్పుడు పిలిచిండ్రా?"

తమ్ముడూ కళ్లు తెరిచి నా మొహం చూశాడు. పిలిచిన అని ఒక్క ముక్క అంటే అయిపోయేది. పొద్దు గూకకముందే నదిలో కలపాలి, వెనక్కి పోతే ఆలస్యమవుతుంది. అయినా ఆ అబద్ధం నా నోట రాలేదు.

"లేదవ్వా. మీరు పండుకున్నరు. నేను పిలువలే."

అవ్వ తిట్టలేదు. చేతిలోని కొంగు మడత పెట్టుకుంటూ, "మీ బాపుకు ఆ దిగుడు తెల్వదు బిడ్డా. సక్కగ వంతెన మీది నుంచే పోయుంటడు. టోల్ గేటు కాడ నిలవడి మనకోసం సూస్తుంటడు" అంది.

నమ్మని మనిషిని నేనే, నాకే భయం వేసింది. ఎర్రటి ఎండలో చెప్పులు లేకుండా నిలబడ్డ బాపు కళ్ల ముందు కనిపించాడు. కారు వెనక్కి తిప్పాను.

వెనక్కి పోవడమూ తేలిక కాదు. ఆర్మూర్ దాకా వచ్చాక వంతెన ఎదురుగానే ఉంది, కానీ మళ్లీ పెద్ద రోడ్డెక్కి, దానికి దూరంగా పోయి, ఎక్కడో రోడ్డు నడుమ తెరిపి దొరికితే తిరిగి, మొదట వచ్చినట్టే రావాలి. అదే వంతెన పక్క నుంచి, కింద నుంచి, వెనక నుంచి కనిపించింది. ఎండ కుడి చెంప మీద నుంచి ఎడమ చెంప మీదికి, మళ్లీ కుడికి వచ్చింది. ముగ్గురం ఒకే నిద్రలో తిరుగుతున్నట్టనిపించింది.

దిగే చోటుకు ముందు, తెల్ల గీతల పక్కన కారు ఆపాను. తమ్ముడు పిలవబోతే అవ్వ ఆపింది.

"అక్కను పిలువనియ్యి. దాని బండ్లనే ఆయనకు కమ్మగ నిద్ర పట్టేది."

కిందికి దిగాను. లారీలు పోతుంటే ఒళ్లంతా అదిరింది. మొదటిసారి పిలిచింది నాకే వినపడలేదు.

"బాపూ, గీడనే దిగాలె. కుడికి పోవాలంటె ఎడమకే దిగాలె బాపూ. రా, నేనే నడుపుతున్న."

అప్పుడొచ్చింది ఏడుపు. రోడ్డు మీద పోయేవాళ్లు చూస్తున్నారని కూడా అనిపించలేదు.

తిరిగి చూస్తే అవ్వ వెనక తలుపు తెరిచి, కిటికీ పక్క సీటు ఖాళీ చేసి, లోపలికి జరిగి కూర్చుంది. కాసేపాగి తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.

"ఇగ పోనియ్యి బిడ్డా."

ఎడమ ఇండికేటర్ వేశాను. పొద్దు వాలుతోంది, నది ఇంకా చాలా దూరం. అయినా గుంతలు చూసుకుంటూ, ఆయన నిద్ర చెడకుండా, మెల్లగానే దిగాను.