పల్లెపాళెం అయ్యవారూ, నా అసూయా

పల్లెపాళెం అయ్యవారు పోయినారని సోమవారం పొద్దున, బడిగంట కొట్టించే వేళకు కబురొచ్చింది. జువ్వలదిన్నె వైపు నుంచి చేపల గంపతో వచ్చే అవ్వ చెప్పింది. "రెండు రోజుల జొరమే అయ్యా. పాళెంలో ఎవరూ పొయ్యి ముట్టించలా" అనింది. నాకు ముందు దుఃఖం రాలేదు. నేను పోతే నా ఊళ్లో ఎన్ని పొయ్యిలు ఆగుతాయో అనిపించింది. ఆయన గురించి రాయాలంటే ఈ మాటతోనే మొదలుపెట్టాలి. పదేళ్లు ఆయన్ను చూసి కుళ్లుకున్నవాణ్ణి నేను.

పంచాయతీ సమితులు వచ్చిన కొత్తలో, నెలకో శనివారం చుట్టుపక్కల బడుల అయ్యవార్లమంతా ఒక బడిలో చేరేవాళ్లం. సెంటర్ మీటింగు అనేవాళ్లం. ఒకరు పిల్లలకు మాదిరి పాఠం చెప్పాలి, తక్కినవాళ్లు వెనక కూర్చుని చూడాలి, తర్వాత మంచిచెడ్డలు మాట్లాడుకోవాలి. నాది సెకండరీ గ్రేడు ట్రైనింగు. రంగు కాగితాలతో పటాలు చేసుకుని పోయేవాణ్ణి. ఆయనది లోయర్ గ్రేడు. ఒట్టి చేతులతో వచ్చేవారు.

ఒకసారి మీటింగు ఆయన బడిలోనే జరిగింది. అక్షరాలంటేనే ఏడ్చే పిల్లల్ని "నిన్న వలలో ఏమేం పడినాయిరా?" అని అడిగినారు. వంజరం, నెత్తళ్లు, రొయ్యలు అని వాళ్లు అరుస్తుంటే నల్లబల్ల మీద రాసినారు. మీటింగు ముగిసేసరికి ఆ పేర్లను వేలు పెట్టి గుర్తుపడుతున్నారు పిల్లలు.

"పిల్లోడి నోట్లో ఉండే మాటనే బల్ల మీద పెట్టాల తమ్ముడూ. మన మాట తర్వాత" అన్నారు నాతో.

"వాచకంలో లేని మాటలు గదన్నా" అని వంక పెట్టినాను. పెట్టి, మరుసటి వారమే మా రైతుబిడ్డల చేత వడ్ల పేర్లు చెప్పించి రాసినాను. మొలగొలుకులు, ఇసుకరవ్వలు. అంతకుముందు నోరు మెదపని వెనక వరస మొత్తం లేచి నిలబడింది.

తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టరు గారు "ఎవరిదయ్యా ఈ ఆలోచన?" అంటే, "నాదేనండీ" అనేసినాను. తర్వాతి మీటింగులో ఇన్‌స్పెక్టరు గారు అందరి ముందర నన్ను పొగిడినారు. పల్లెపాళెం అయ్యవారు ముందు వరసలోనే ఉన్నారు. ఆయన లేచి, "వడ్ల పేర్లతో చెయ్యచ్చని నాకు తట్టలా. మంచి పని చేసినాడు" అని కూర్చున్నారు. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం సైకిలు తీస్తుంటే దగ్గరికొచ్చి, "తీసివేతల్లో పక్క స్థానం నుంచి పది తెచ్చుకోవడం మా పిల్లోళ్లకి ఎక్కించలేకపోతుండాను. ఒకరోజు వచ్చి చెప్తావా?" అని అడిగినారు. ఆయనకు రానిది నాకు వచ్చునన్న సంబరంతో పోయినాను. పది పుల్లల కట్ట విప్పి చూపించి చెప్పినాను. ఆయన పిల్లల మధ్య నేల మీద కూర్చుని పలక మీద లెక్కలు చేసినారు. ఒకటి తప్పుపోతే పక్కనున్న పిల్ల దిద్దింది. ఆయనకు ఒకటే నవ్వు.

పై నెల మీటింగులో ఆ పాఠమే చెప్పినారు. మొదలుపెట్టకముందే నా పేరు చెప్పి, "ఇది ఆయన దగ్గర నేర్చుకున్నది" అన్నారు. కట్ట విప్పే పని మాత్రం పిల్లలకే వదిలేసినారు. నాకంటే బాగా చెప్పినారు, నా పాఠాన్నే! చప్పట్లు కొడుతూ కూడా కుళ్లుకున్నాను.

ఎన్నో ఏళ్లకు ఒకసారి తెగించి, "అన్నా, ఆ ఇన్‌స్పెక్టరు గారితో నేను..." అన్నాను.

"నీ పిల్లోళ్లు చదివినారా లేదా?"

"చదివినారు."

"ఇంక చాల్లే పో."

అందరి ముందర మాత్రం చెప్పలేకపోయినాను. ఇప్పుడు చెబుతున్నాను. ఆ ఆలోచన ఆయనది.

కబురు విని నేను పాళెం చేరేసరికి అంతా అయిపోయింది. ఆ రోజు పాళెంలో ఎవరూ వేటకు పోలేదు. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. వాటి ముక్కుల మీద పేర్లు. ఎవరి పడవ మీద వాళ్లే, ఒక్కో ఏడు రాసుకున్నవి. అన్నిటిలోనూ అవే గుండ్రటి అక్షరాలు, తలకట్లు కాస్త కుడికి వాలి, నల్లబల్ల మీద ఆయన రాసినట్టే. చివరి పడవ దాకా ఒక్కొక్కటే చదువుకుంటూ ఇసుకలో నడిచినాను.