రాహుకాలం క్యాసెట్టు

ఆ రోజుల్లో కంప్యూటరు ప్రోగ్రాములు డబ్బిచ్చి కొనేవాళ్ళంటే మాకు భలే జాలి. టీవీకి తగిలించుకునే బుల్లి కంప్యూటర్లు, మామూలు పాటల క్యాసెట్లలో ప్రోగ్రాములు. ఒకడు రాస్తే అడిగినవాడికల్లా కాపీ చేసివ్వడమే కువైట్‌లో మా సరదా బృందం పద్ధతి. షువైఖ్‌లో గోదాము గుమాస్తాగా ఉంటూ నేనూ ఒకటి రాసి తెగ పంచాను. తేదీ కొడితే చాలు, రాహుకాలం చెప్పేస్తుంది (ఇరాకు సైన్యం వచ్చిపడుతుందని మాత్రం చెప్పలేదు, మహాతల్లి). ఆ క్యాసెట్టును టేప్‌రికార్డర్లో వింటే మాత్రం కీచుమని ఒకటే అరుపులు, గరగరలు.

రిగ్గైలో నా గదిలోనే కడప డ్రైవరన్న ఉండేవాడు. చదువు రాదు కాబట్టి ఇంటికి ఉత్తరాలకు బదులు తన మాటలే క్యాసెట్టులో నింపి పంపేవాడు. యుద్ధంతో ఫోన్లు ఖలాస్. మొగుడు బతికున్నాడో లేదో ఊళ్ళో వదినకు తెలియదు. "అది అన్నం మానేసింటాది అబ్బీ" అని ఈయన ఇక్కడ అన్నం మానేశాడు. అంతలో ఫింటాస్‌లో మాకు తెలిసిన కుటుంబం జోర్డాను మీదుగా ఇండియాకు బయల్దేరుతోందని కబురొచ్చింది. క్యాసెట్టు ఇస్తే చేరుస్తామన్నారు. దుకాణాలన్నీ మూత. గదిలో మిగిలింది నా రాహుకాలం ఒక్కటే.

"దాన్ని చెరిపేసి మాట్లాడెయ్ అన్నాయ్" అన్నాను, ప్రాణం ఉసూరుమంటున్నా.

"నీ కష్టాన్ని నేనెందుకు చెరిపేది? దాని ఎనకాల రోంత చోటుండాది గదా, నాకు సాలు" అన్నాడు.

అలాగే చేశాం. ముందు కాసేపు ఈ గోల ఉంటుందని ఊళ్ళో వాళ్ళకు తెలియజేయాలన్న ఆలోచన ఇద్దరిలో ఒక్కడికీ రాలేదు. బుర్రలంటే మావే!

తర్వాత మేమూ ఎలాగో బయటపడ్డాం. అన్నతో కడప వెళ్తే, వదిన నవ్వలేక నవ్వుతూ చెప్పింది.

"ఊరంతా మా ఇంట్లోనే కూసున్యారు నాయనా. టేపు పెట్టంగానే ఆ అరుపులు! 'నా కొడుకును ఏం జేస్తాండారో' అని మాయత్త గుండెలు బాదుకునింది. టేపు చెడిపోయిందని మా మరిది ఆపబోయినాడు. నేను చెయ్యి పట్టుకున్యా. అంత దూరం నుంచి ఆయన పంపింది, ఉత్తదే పంపుతాడా, తిరగనీ అన్న్యా. తిరిగి తిరిగి, ఆఖర్న ఈయన గొంతు వచ్చె. 'ఏమ్మే, నేను బాగుండా, నువ్వు అన్నం తిను' అని. ఆ పొద్దు తిన్యా నాయనా, కడుపునిండా."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఇప్పుడు బట్టతల వచ్చాక, ఫోనులో బొమ్మ రావడం రవ్వంత ఆలస్యమైతే చాలు, చిరాకుపడిపోతాను. అప్పుడు వదిన గుర్తొస్తుంది, నాలో నేనే నవ్వుకుంటాను. ఆ రోజుల్లో క్యాసెట్టు తిరిగి తిరిగి నా ప్రోగ్రాము కంప్యూటర్లోకి ఎక్కేలోగా నేనే లేచి టీ పెట్టుకోవడానికి పోయేవాణ్ణి. దాన్ని కదలకుండా కూర్చుని ఆసాంతం విన్నది ఆవిడ ఒక్కతే.